పదిహేడో నంబరు స్టాంపు

విమానంలోంచి విప్పి తెచ్చిన ఆ పెట్టెకి పచ్చచీటీ కట్టి ఉంది, చీటీ మీద పదిహేడో నంబరు స్టాంపు ఉంది, పక్కనే ఆమె సంతకం కూడా ఉంది. ఆ పెట్టెని మాత్రం ఆమె పరీక్షించలేదు.

చీటీని వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. స్టాంపు అసలుదే. గుండ్రటి అంచు ఒకచోట రవ్వంత విరిగి ఉంటుంది, ఆ విరుపు చీటీ మీద కూడా పడింది. పద్నాలుగేళ్ళుగా రోజుకి ఎనిమిది పదిసార్లు కొడుతున్న స్టాంపు. దాన్ని కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడుతుంది.

"అక్కా, ఇది నువ్వే పాస్ చేశావటగా" అన్నాడు విమానాలు నిలిపే హ్యాంగర్ నుంచి పెట్టె మోసుకొచ్చిన మనిషి. ఆయాసం తీర్చుకోవడానికి బల్లకి ఆనుకున్నాడు. "పైలట్ గారు కిందకి దిగి, హెల్మెట్ తీసి, ఎవరితోనూ మాట్లాడకుండా పది నిమిషాలు రెక్క కింద కూర్చుండిపోయారు. తర్వాత చెప్పారు. సముద్రం మీద కిందకి దిగుతున్నారట. పెట్టేమో రెండు వందల అడుగుల ఎత్తులో ఉన్నావంటోందట. బయటికి చూస్తే అలల మీద నురగ కనిపిస్తోందట."

"నిజంగా ఎంత ఎత్తులో ఉన్నారు?"

"అరవయ్యో, డెబ్బయ్యో. ఇంకొంచెం దిగి ఉంటే నీకీ పెట్టె మోసుకొచ్చే పని నాకు తప్పేది."

జోక్ వేశాననుకున్నాడు గానీ అతనికే నవ్వు రాలేదు.

అది యుద్ధ విమానం పొట్టలో ఉండే పెట్టె. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. కిందకి ఒక రేడియో కేక వేస్తుంది. ఆ కేక నేలకో నీటికో తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, ఇన్ని అడుగుల ఎత్తులో ఉన్నావు అని పైలట్‌కి చెబుతుంది. మబ్బుల్లో, మంచులో పైలట్ తన కళ్ళని నమ్మడు, ఈ పెట్టెనే నమ్ముతాడు. పెట్టెని ఎందుకు నమ్ముతాడంటే దానికి పచ్చచీటీ కట్టి ఉంది గనక. పచ్చచీటీని ఎందుకు నమ్ముతాడంటే దాని మీద ఒక నంబరుంది గనక.

ఇలాంటి పెట్టెల్ని బాగుచేసి పరీక్షించే ఆ షాపులో ఇరవై బల్లలు, ఇరవై స్టాంపులు. ఒక్కో మెకానిక్‌కి ఒక్కో నంబరు. మూడు పరీక్షలు నెగ్గితే గానీ స్టాంపు చేతికి రాదు. వచ్చాక మనిషి పేరు అందరూ మెల్లగా మర్చిపోతారు. ఆమె పదిహేడు. పక్క బల్ల మీద ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే పెద్దాయన పన్నెండు. "పన్నెండు గారికి కళ్ళజోడు దొరకట్లేదట, చూడు" అంటే అక్కడ ఎవరికీ వింతగా ఉండదు. ఇంట్లో ఆమెని ఏమే అంటారు, అమ్మా అంటారు, కోడలా అంటారు. అవన్నీ ఆమె ఎవరికి ఏమవుతుందో చెప్పే పిలుపులు. పదిహేడు ఒక్కటే ఎవరికీ ఏమీ కాని పిలుపు. ఆ పిలుపంటే ఆమెకి ఇష్టం. ఇష్టమని ఎవరికీ చెప్పలేదు, విన్నవాళ్ళు నవ్వుతారని.

చీటీ మీద తేదీ చూసింది. మూడు వారాల క్రితం నాటిది. ఆ రోజు బాగానే గుర్తుంది.

వేడెక్కాక ఎత్తు ఎక్కువ చూపిస్తోందని ఆ పెట్టె వచ్చింది. అలాంటి జబ్బు చల్లగా ఉన్నప్పుడు దొరకదు. స్విచ్ వేసి, ఇరవై నిమిషాలు ఒళ్ళు కాగనిచ్చి, అప్పుడు కొలవాలి. పన్నెండు నలభైకి స్విచ్ వేసింది. ఐదు నిమిషాలు కాకుండానే భర్త బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనది అదే ఆవరణలో ప్లానింగ్ సెక్షన్. ఏ విమానం ఎప్పటికి సిద్ధమవుతుందో పైవాళ్ళకి చెప్పేది ఆయనే, పరీక్ష కాగితాలన్నీ ఉండేది ఆయన బీరువాలోనే.

"అమ్మకి రెండింటికి కంటి డాక్టరు. నాకు కుదరదు. సాయంత్రానికి మూడు విమానాలు చూపించాలి. నువ్వు సగం రోజు సెలవు పెట్టి తీసుకెళ్ళు."

"ఇది మధ్యలో ఉంది."

"ఒక్క పెట్టేగా. రేపు చూసుకుందువుగానీ. విమానాలు ఆగితే నా తల తీస్తారు. నువ్వు లేకపోతే ఆగేదేముంది ఇక్కడ?"

ఆ చివరి మాట ఆయన వెటకారంగా అనలేదు. కిటికీ వేయమన్నంత మామూలుగా అన్నాడు. అందుకే ఆమె కూడా మామూలుగానే స్విచ్ ఆపేసింది. పెట్టెకి ఎర్రచీటీ కట్టి, 'వేడి పరీక్ష కాలేదు' అని రాసింది. బయటికి వెళ్ళేటప్పుడు స్టాంపుని కౌంటర్లో అప్పగించి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. కౌంటర్ ముందు ఐదుగురున్నారు. "ఇటివ్వు, నేనిచ్చేస్తాలే, బస్సు పోతుంది" అని ఆయన చెయ్యి చాచాడు. ఇచ్చేసింది. మర్నాడు పొద్దున వచ్చేసరికి బల్ల మీద పెట్టె లేదు. వేరే బల్లకి ఇచ్చి ఉంటారనుకుంది. ముందు రోజు సగం సెలవు పెట్టిన మనిషి, ఎక్కడికి పోయిందని గట్టిగా అడగలేకపోయింది.

అడగాల్సింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి అడగలేదు, ఇప్పుడు ఒక మనిషి అలల మీద నురగ చూసి వచ్చాడు.

చీటీ విప్పకుండానే పెట్టెని చేతుల్లోకి తీసుకుని ఫోర్‌మన్ గదికి వెళ్ళింది.

"ఇది నేను పాస్ చేయలేదండీ. ఆ రోజు పన్నెండూ నలభై ఐదు తర్వాత నా స్టాంపుతో ఇంకేవైనా పోయి ఉంటే ఆపించండి."

ఫోర్‌మన్ చీటీని చూశాడు, ఆమెని చూశాడు, లేచి తలుపు వేశాడు. "ఆలోచించుకుని మాట్లాడు. పాస్ చేశాక చెడిపోయిందంటే అది పెట్టె తప్పు. పాస్ చేయలేదంటే మనిషి తప్పు. పెట్టెకి మెమో ఇవ్వరు."

"పెట్టె చెడిపోలేదు. మొదట్నుంచీ జబ్బుగానే ఉంది."

"అయితే విచారణ వేయాలి. అది తేలేదాకా స్టాంపు నా దగ్గర ఉంటుంది. తేలకపోతే స్టాంపు ఇక రాదు. నిన్ను స్టోర్సులో కూర్చోబెట్టి మరలు లెక్కపెట్టిస్తారు, రిటైరయ్యేదాకా." గొంతు తగ్గించాడు. "పెద్ద బాధ్యత ఇస్తామంటే వద్దనుకున్నదానివి. ఈ చిన్న పెట్టె కోసం ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?"

పెద్ద బాధ్యత ఎవరిచ్చారో, తనెప్పుడు వద్దందో ఆమెకి అర్థం కాలేదు. సెలవులు పెట్టడం గురించి దెప్పుతున్నాడనుకుంది. అలాంటి దెప్పులకి ఆగి అర్థం అడిగే అలవాటు ఎప్పుడో పోయింది. జేబులోంచి స్టాంపు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. అరచేతిలో దాని బరువు పోయాక చెయ్యి వింతగా, పైకి తేలిపోతున్నట్టు అనిపించింది.

ఎక్కడ తప్పుందో తెలియనప్పుడు ఏ ముక్కనీ అనుమానించకూడదు, ఏ ముక్కనీ నమ్మకూడదు. ఒక కొసన మొదలుపెట్టి కొలుచుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళకి ఆమె నేర్పే మొదటి పాఠం ఇదే. మొదట కౌంటర్‌కి వెళ్ళింది. రిజిస్టర్లో ఆ రోజు పేజీలో తన నంబరు వరస చూసింది. పదిహేడు, ఒంటిగంటా పదిహేను, సంతకం. భర్త తన తరఫున పెట్టేసి ఉంటాడనుకుని పేజీ మూసేసింది. అయితే స్టాంపు సమయానికే చేరింది. కౌంటర్ మనిషి భోజనానికి వెళ్ళేటప్పుడు అర తెరిచి పెట్టి పోతాడని షాపంతా తెలుసు. ఎవరైనా తీసి ఉండొచ్చు.

తర్వాత పన్నెండుని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టెకి స్విచ్ వేసింది. పరీక్ష పరికరంతో, పెట్టెకి వంద అడుగుల ఎత్తులో ఉన్నట్టు సంకేతం ఇచ్చింది. పెట్టె నూట ఒకటి అంది. ఇద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. పదో నిమిషంలో నూట పద్దెనిమిది. ఇరవయ్యో నిమిషంలో నూట ఎనభై, ఇంకా ఎక్కుతూనే ఉంది.

"కాఫీ తాగిన కొద్దీ గొప్పలు చెప్పే మా బావమరిదిలా ఉంది" అన్నాడు పన్నెండు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, పెట్టెతోపాటు వెళ్ళి వచ్చిన పరీక్ష కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేంటి తల్లీ, ఇందులో అన్నీ ముత్యాల్లాంటి అంకెలున్నాయి?"

ఆమె ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్ళి, భర్త సీట్లో లేకపోతే గుమాస్తాని అడిగి, అదే పెట్టె పాత కాగితం తెప్పించుకుంది. పదకొండు నెలల క్రితం ఆమే పరీక్షించి ఆమే రాసింది. రెండూ పక్కపక్కన పెట్టారు. డజను కొలతలు. దశాంశాలతో సహా అచ్చు గుద్దినట్టు ఒకటే.

ఏ పెట్టె అయినా రెండు రోజులు ఒకే మాట చెప్పదు. గదిలో ఎండ మారితే మారుతుంది, తీగ కాస్త వంగితే మారుతుంది. బతికున్న ఏ వస్తువైనా కొంచెం కొంచెం తేడాగా మాట్లాడుతుంది. ఇంత ఒక్కలా ఉన్నదంటే అది కొలిచింది కాదు, చూసి రాసింది.

"ఆ పాత కాగితం చూడాలంటే బీరువా తాళం కావాలి కదా" అన్నాడు పన్నెండు, పెన్సిల్ వంక చూస్తూ. కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. పెద్దమనిషి.

ప్లానింగ్‌లో నలుగురున్నారు, నలుగురికీ తాళం అందుతుంది. ఏ ముక్కనీ ముందే అనుమానించకూడదు. ఆ పాఠాన్ని ఆ సాయంత్రం అవసరానికి మించి గట్టిగా పట్టుకుందని ఆమెకి తెలుస్తూనే ఉంది. బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ గుమాస్తా ముఖం గుర్తు తెచ్చుకుంది, కౌంటర్ మనిషి ముఖం గుర్తు తెచ్చుకుంది. ఇంకో ముఖం వస్తుంటే, స్టవ్ మీద పొంగుతున్న పాలని ఊదినట్టు, ఊది కిందకి దించింది.

ఇంటికి వచ్చేసరికి వార్త తనకంటే ముందే వచ్చి కూర్చుంది. కుర్చీలో భర్త, పక్కన మంచం మీద అత్తగారు, నేల మీద పుస్తకాలు పరుచుకుని మూడో తరగతి చదివే కూతురు. పొద్దున వదిలేసి వెళ్ళిన కప్పులు వదిలేసిన చోటే ఉన్నాయి. ఆమె సంచీ పెట్టి, కప్పులు ఏరి, బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గుమ్మం దాటి లోపలికి రావడం ఆయనకి అలవాటు లేదు.

"నువ్వే పరీక్షించానని చెప్పేస్తే పోయేదానికి ఇంత దూరం తెచ్చావెందుకు? పరీక్షించినప్పుడు బాగానే ఉంది, తర్వాత చెడింది, అంతే. ఒక హెచ్చరిక కాగితం ఇస్తారు. మడిచి లోపల పెట్టుకుంటాం."

"నేను పరీక్షించలేదుగా."

"పరీక్షించావని నేను అనట్లేదు. పరీక్షించానని చెప్పమంటున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఇప్పుడు విచారణంటే ఎంతమంది మీద పడుతుందో తెలుసా? నీకు అన్నిటికీ పంతం."

ఆమె బియ్యం నీళ్ళు వంచింది. పంతం. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగం మాననన్నప్పుడు ఈ మాట అన్నాడు. పాప పుట్టిన మూడో నెలలో డ్యూటీకి వెళ్ళినప్పుడు ఇదే అన్నాడు. రెండేళ్ళ క్రితం కొత్త రాడార్ల శిక్షణకి షాపులోంచి ఒకర్ని పంపుతున్నారంటే, తన పేరు ఉంటుందని ఆమె ఆశపడింది. పేరు రాలేదు. ఆమెకంటే నాలుగేళ్ళు వెనక చేరిన ఇరవయ్యో నంబరతను వెళ్ళాడు. అప్పుడు మాత్రం ఆయన పంతం అనలేదు. "వాళ్ళు ఆడవాళ్ళని పంపరులేవే, మనసులో పెట్టుకోకు" అని స్వయంగా టీ పెట్టి తెచ్చిచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ వంటింట్లోకి వచ్చి పెట్టిన టీ అదొక్కటే. చక్కెర ఎక్కువైంది. అయినా ఆ రోజు ఆ తీపి ఆమెకి ఎంతో ఓదార్పుగా అనిపించింది.

"ఏంట్రా గొడవ?" అంది అత్తగారు మంచం మీదనుంచే.

"ఎవరో నా సంతకం పెట్టారట అత్తయ్యా. మిమ్మల్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు."

"అదేంటి, ఆ రోజు నాలుగింటిదాకా నువ్వు నా పక్కనే ఉంటివి. కంట్లో చుక్కలు పోసి నన్ను గుడ్డిదాన్ని చేస్తే, నీ చెయ్యి పట్టుకునే కదా కూర్చున్నా. ఎవరొచ్చి అడిగినా చెబుతాను." ఆవిడ తలగడ సర్దుకుంది. సాక్ష్యం చెప్పే అవకాశం వచ్చినందుకు ముఖం కొంచెం వెలిగింది. "అయినా సంతకాల సంగతి నా కొడుకునడగాలి. వీడు ఎనిమిదో తరగతిలో లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకుని, వాళ్ళ నాన్న సంతకం వీడే పెట్టుకున్నాడు. తర్వాత ఆ మహానుభావుడు చూసి, ఇది నేనెప్పుడు పెట్టానబ్బా అని గడ్డం గోక్కున్నాడు తప్ప, నాది కాదనలేకపోయాడు."

"అమ్మా, పాత సంగతులెందుకిప్పుడు" అన్నాడు భర్త.

"ఇప్పుడు కూడా నాన్నే పెడతారు నానమ్మా" అంది కూతురు, తల ఎత్తకుండా. "నా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం నాన్నే పెడతారు. అమ్మకి టైముండదుగా."

వంటింట్లో కుళాయి ఆగింది.

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, నేల మీద పుస్తకాల మధ్య కార్డు తీసుకుంది. తల్లి సంతకం అన్న గడిలో నాలుగు సంతకాలు. నాలుగూ అచ్చు గుద్దినట్టు ఒకటే. షాపులో తీయించుకున్న పచ్చచీటీ జిరాక్సుని సంచీలోంచి తీసి, కార్డు పక్కన పెట్టి, కిటికీ వెలుతురులో చూసింది. ఐదోది కూడా అదే.

ఆమె సంతకం ఎప్పుడూ పరుగులోనే ఉంటుంది. ఒక చేత్తో తీగ పట్టుకుని ఇంకో చేత్తో పెట్టేది, బస్సు తలుచుకుంటూ పెట్టేది, స్టవ్ ఆపానా లేదా అనుకుంటూ పెట్టేది. చివర తోక ఒకరోజు పైకి లేస్తుంది, ఒకరోజు కిందకి జారుతుంది, ఒక్కోరోజు అసలుండదు. ఈ సంతకానికి తోక చక్కగా, వంకీ తిరిగి ఉంది. తీరిగ్గా కూర్చుని పెట్టిన సంతకం ఇది. ఈ ఇంట్లో తీరిక ఎవరికుందో కొలవడానికి పరికరాలేవీ అక్కర్లేదు.

రిజిస్టర్లో ఒంటిగంటా పదిహేను అని రాసి ఉన్న చోట కూడా ఇదే సంతకం ఉంది. పొద్దున దాన్ని చూసింది. చూసి, ఆయనే పెట్టాడని తెలిసి, పేజీ మూసేసింది. ఆ ఒక్క గీతలోనే మొత్తం కథ ఉంటే, అది మామూలేగా అని మూసేసింది. పద్నాలుగేళ్ళు ఇతరుల పెట్టెల్లో తప్పులు పట్టిన మనిషి, తన ముందున్న తప్పుని తప్పని గుర్తించడం కూడా మర్చిపోయింది. ఆమెకి కోపం వచ్చింది గానీ, ఆ కోపంలో మొదటి వాటా తనదేననిపించింది.

"పాపా, నానమ్మని తీసుకుని కాసేపు బయట నడిచి రండి" అంది.

వాళ్ళు వెళ్ళాక కార్డునీ చీటీనీ ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది. ఆయన ఒకసారి చూసి, చూపు తిప్పేశాడు. కాదని అనలేదు. చివరి నిమిషం దాకా ఆమె, గుమాస్తా అయితే బాగుండుననుకుంటూనే ఉందన్నమాట.

"నేనేదో దొంగతనం చేసినట్టు చూస్తావేం? ఇంటి కోసమే కదా చేసింది. నా ఉద్యోగం ఇల్లు కాదా?"

"పైలట్‌కి కూడా ఇల్లుంటుంది."

ఆయన కార్డుని బోర్లా తిప్పాడు.

"రేపు పదింటికి విచారణ" అంది ఆమె. గొంతు పెంచలేదు. షాపులో కొలతలు చదివేటప్పటి గొంతు అది. "అక్కడ నేను మీ పేరు చెప్పను. మీరే చెప్పాలి. మీ నోటితో."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నేనే చెబుతాను. కానీ అప్పుడు మీ పని ఇంకొకటి నేను చేసిపెట్టినట్టవుతుంది. ఇది మాత్రం చేసిపెట్టాలని లేదు."

వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

విచారణ గది చిన్నది. పొడుగాటి బల్ల, ఆరు కుర్చీలు, గోడకి ఆగిపోయిన గడియారం. విచారణ చేసే భద్రతాధికారి ఒకప్పుడు తనే విమానాలు నడిపిన మనిషి. చెవి దగ్గర పాత కాలిన మచ్చ ఉంది, మాట తక్కువ. ఒకవైపు ఫోర్‌మన్, పన్నెండు. ఇంకోవైపు పరీక్ష కాగితాల ఫైళ్ళు పట్టుకుని ప్లానింగ్ తరఫున ఆమె భర్త. ఆమెని మొదట అడిగారు.

"ఈ పెట్టె నేను పరీక్షించలేదండీ. ఆ టైములో కంటి ఆసుపత్రిలో ఉన్నాను, అక్కడి చీటీ ఇదిగో. నా తప్పు ఒకటుంది, అది రాసి తెచ్చాను. స్టాంపుని కౌంటర్లో అప్పగించకుండా ఇంకొకరి చేతికిచ్చాను. దానికి ఏ శిక్షైనా సరే. మిగిలింది చేసినవాళ్ళు చెబుతారు."

"ఎవరి చేతికి?"

ఆమె బల్ల మీద తను రాసిన కాగితాన్ని చూస్తూ కూర్చుంది. పన్నెండు దగ్గాడు. బయట ఎక్కడో ఇంజన్ స్టార్టయి, పెరిగి, తగ్గింది. ఒకటి, రెండు, మూడు అని ఆమె లోపల లెక్కపెట్టుకుంటోంది. ముప్ఫై దాకా ఆగుదామనుకుంది. ఇరవై ఆరు దగ్గర కుర్చీ కిర్రుమంది.

"నా చేతికే సార్" అన్నాడు భర్త. లేచి నిలబడ్డాడు. "సంతకం కూడా నాదే."

భద్రతాధికారి ఆశ్చర్యపోలేదు. ఆమె సర్వీసు ఫైలు తీసి ఆయన వైపు తోశాడు. "ఇందులో ఆవిడ పేరుతో పద్నాలుగేళ్ళ కాగితాలున్నాయి. ఏవి ఆవిడ పెట్టిన సంతకాలో, ఏవి మీరు పెట్టినవో రెండు దొంతులు చేయండి."

ఆయన కూర్చుని మొదలుపెట్టాడు. సెలవు చీటీలు. ఇంకో సెలవు చీటీ. చిరునామా మార్పు కాగితం. పాపకి జ్వరమని, అత్తగారికి బాగాలేదని, చుట్టాలొచ్చారని. ఆయన తడుముకోవట్లేదు, చకచకా వేరు చేస్తున్నాడు. కుడివైపు దొంతి పెరుగుతోంది. అది ఆయన దొంతి. ఎడమవైపుది పల్చగా ఉండిపోయింది. అందులో ఉన్నవి ఉద్యోగంలో చేరిన కాగితం, స్టాంపు తీసుకున్న రసీదు, ఇంకో ఐదారు. తను కూర్చున్న చోటునుంచి ఆమె ఆ రెండు దొంతుల్నీ చూస్తోంది. తన పేరుతో ఇంకెవరో ఇంత పెద్ద ఉద్యోగం చేశారన్నమాట.

ఒక కాగితం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఎడమవైపు వెళ్ళబోయి ఆగింది. కుడివైపు వెళ్ళబోయి ఆగింది.

ఆమె చెయ్యి చాచి ఆ కాగితం తీసుకుంది. రెండేళ్ళ క్రితం తేదీ. కొత్త రాడార్ల శిక్షణకి నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. ఇంటి బాధ్యతల వల్ల రాలేకపోతున్నాను. ఈ అవకాశం వేరొకరికి ఇవ్వవలసిందిగా ప్రార్థన. కింద వంకీ తిరిగిన తోకతో ఆమె సంతకం.

ఫోర్‌మన్ ఆ కాగితాన్ని గుర్తుపట్టాడు. నిన్న ఆమెతో అన్న మాట గుర్తొచ్చి బల్ల వైపు చూశాడు.

"ఈ పెట్టెకి సంబంధించినంతవరకు తేలిపోయింది" అన్నాడు భద్రతాధికారి. "కావాలంటే ఇక్కడితో ఆపుదాం."

"ఆపకండి" అంది పదిహేడు. ఆ కాగితాన్ని మడవకుండా, భర్త ముందు పరిచి పెట్టింది. "పూర్తిగా చెప్పనివ్వండి."

ఆయన ఆ సంతకం వైపు చూశాడు. తర్వాత, ఆమెని కాకుండా అధికారిని చూస్తూ, మెల్లగా మొదలుపెట్టాడు.

"పెట్టె సంగతి ఇంతే సార్. మూడు విమానాలు సిద్ధమని పైకి చెప్పేశాను. మూడోదానికి ఇదొక్కటే తక్కువ పడింది. ఆవిణ్ణి మా అమ్మతో పంపింది నేనే. స్టాంపు నా జేబులోనే ఉంది. పాత కాగితం చూసి అంకెలు ఎక్కించాను, ఎర్రచీటీ విప్పి పచ్చచీటీ కట్టాను. నాలుగున్నరకి కౌంటర్ మనిషి లేని సమయం చూసి స్టాంపు అరలో పెట్టి రిజిస్టర్లో ఒంటిగంటా పదిహేను అని రాశాను. రేపు ఎలాగూ ఆవిడ పాస్ చేసేదే కదా అనుకున్నాను. పెట్టె మామూలుగానే కనిపించింది సార్, పెట్టెలు నాకు తెలియవు. ఇక ఈ ఉత్తరం. ఆ శిక్షణకి మొదటి పేరు ఆవిడదే. కవరు ఇంటికి తీసుకెళ్ళి ఇమ్మని నాకే ఇచ్చారు. ఆర్నెల్లు వేరే ఊళ్ళో. పాపని ఎవరు చూస్తారు, అమ్మ మందులు ఎవరిస్తారు, పొద్దున లేస్తే ఎవరేం చేయాలి అని దారంతా ఆలోచించాను. ఇంటికి చేరేలోపే, బస్టాపులో బల్ల మీద కూర్చుని రాసేశాను. ఎంపిక కాలేదని చెప్పాను. రెండు రోజులు ఆవిడ సరిగ్గా తినలేదు. టీ పెట్టిచ్చాను. నాకు అప్పుడు కూడా ఇది తప్పనిపించలేదు సార్. ఇంట్లో ఏ కాగితమొచ్చినా నేనే పెట్టేవాణ్ణి, ఒక్కసారి కూడా గొడవ రాలేదు. ఆవిడ ఎప్పుడూ కాదనలేదు. నేనెప్పుడూ అడగలేదు."